బెల్‌ఫాస్ట్ బ్లాక్ ట్యాక్సీ టూర్ రివ్యూ: తుపాకుల సంగతి అంతా చెప్పారు, పుల్‌పిట్ (చర్చిలో ప్రసంగాలిచ్చే వేదిక) సంగతే దాటేశారు

ముందే చెప్పేస్తున్నా, 5 కి 4 ఇస్తున్నా. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసేశానో చెప్పడానికే ఇంత రాయాల్సొస్తోంది, ఓపిక లేనివాళ్ళు చివర్లో టైమింగ్స్, డబ్బుల గురించి రాసింది చూసుకుని బుక్ చేసేసుకోండి, డబ్బులు మాత్రం వేస్ట్ అవ్వవు.

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో మనవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు కదా, క్వీన్స్‌లో, అల్‌స్టర్ యూనివర్సిటీలో చదివేవాళ్ళు, ఐటీ వాళ్ళు, నర్సులు. ఇంటి నుంచి అమ్మానాన్నలు వస్తే అందరం చూపించేవి అవే, టైటానిక్ మ్యూజియం, జెయింట్స్ కాజ్‌వే, ఒక మాల్, అయిపోయింది. మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఈ ట్యాక్సీ టూర్ పెట్టింది నేనే. మామయ్యగారు రిటైర్డ్ టీచరు, పుట్టుకతో లూథరన్, ఊళ్ళో సంఘంలో పెద్ద. అత్తయ్యగారి పుట్టిల్లేమో ఆర్‌సీఎం. అంటే మా ఇంట్లోనే ప్రొటెస్టెంటూ, క్యాథలిక్కూ ఒకే మంచం మీద నలభై ఏళ్ళ నుంచీ పడుకుంటున్నారు, గొడవలంటూ వస్తే పెరుగులో ఉప్పు గురించే గానీ మరియమ్మ గురించి ఎప్పుడూ రాలేదు. అందుకే ఈ టూర్ వాళ్ళకి ఇంకోలా తగులుతుందని నాకు ముందే అనుమానం ఉంది.

టూర్ ఏంటంటే, లండన్ మోడల్ నల్ల ట్యాక్సీ, వెనకాల ఎదురెదురు సీట్లు, ఐదుగురు కూర్చోవచ్చు. హోటల్ దగ్గరికో ఇంటి దగ్గరికో వచ్చి ఎక్కించుకుని గంటన్నర పాటు షాంకిల్ రోడ్డు (ప్రొటెస్టెంట్ల వైపు, వీళ్ళలో ఎక్కువమంది బ్రిటన్‌లోనే ఉండాలనేవాళ్ళు), ఫాల్స్ రోడ్డు (క్యాథలిక్కుల వైపు, వీళ్ళలో ఎక్కువమంది ఐర్లండ్‌లో కలవాలనేవాళ్ళు), రెండిటి మధ్యా ఉన్న గోడ, ఇవన్నీ తిప్పుతూ 1969 నుంచి 1998 దాకా ఇక్కడ జరిగిన కథంతా చెప్తారు. వీళ్ళు దాన్ని ట్రబుల్స్ అంటారు. మూడున్నర వేల మందికి పైగా పోయారు, అదీ మన హైదరాబాద్‌లో నాలుగో వంతు కూడా జనాభా లేని చోట, దానికి ట్రబుల్స్ అని పేరు పెట్టుకున్నారంటే వీళ్ళ గుండె ధైర్యం చూడండి.

మా డ్రైవరు అరవై దాటిన పెద్దమనిషి. ఎక్కగానే ఒక ఆట పెట్టాడు, నేను క్యాథలిక్కునా ప్రొటెస్టెంటునా ఇప్పుడు చెప్పను, టూర్ అయ్యాక మీరే చెప్పాలి అన్నాడు. మామయ్యగారు వెంటనే పేరడిగారు, ఏ బడిలో చదివావని అడిగారు, మన ఊళ్ళల్లో కొత్తవాడు కనిపిస్తే ఇంటిపేరు అడిగి కూపీ లాగినట్టే. డ్రైవర్ పడీ పడీ నవ్వి, సరిగ్గా ఇవే ప్రశ్నలు మేమూ అడుగుతాం అన్నాడు. ఇక్కడ పేరు, బడి, వీధి, ఆఖరికి హెచ్ అక్షరాన్ని ఎయిచ్ అంటున్నావా హెయిచ్ అంటున్నావా అనే దాన్ని బట్టి కూడా నువ్వు ఎవరివో తేల్చేస్తారంట. ఒకప్పుడు రాత్రిపూట కారు ఆపి ఆ ముక్క తేల్చుకుని కాల్చేసేవాళ్ళు.

మొదటి స్టాప్ షాంకిల్. ఇక్కడ గోడల మీద బొమ్మలు చూడాల్సిందే, ఒక్కోటి రెండంతస్తుల ఎత్తు. తెల్ల గుర్రం మీద విలియం రాజు, క్యాథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించిన 1690 బోయిన్ యుద్ధం, ప్రతి జులై 12 న ఊరేగింపులు తీసేది ఈయన పేరు మీదే. ఇక్కడ డ్రైవరు చెప్పిన మంచి ముక్క ఏంటంటే, ఈ ప్రొటెస్టెంట్ హీరో గెలవాలని కోరుకున్న వాళ్ళలో అప్పటి పోప్‌కి కూడా చోటుంది, ఎందుకంటే పోప్‌కి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అంటే పడదు, విలియం కూడా అదే లూయీ మీద పోరాడుతున్నాడు. మామయ్యగారు దానికి ఎంత నవ్వారో, సాయంత్రం దాకా అదే తలుచుకుని నవ్వారు.

ఆ పక్క గోడ మీద మాత్రం నవ్వు రాలేదు. ముసుగులేసుకున్న మనుషులు, చేతుల్లో తుపాకులు, మధ్యలో యూవీఎఫ్ గుర్తు, దాని చుట్టూ రాసిన మాట ఫర్ గాడ్ అండ్ అల్‌స్టర్. దేవుని కొరకు, అల్‌స్టర్ (ఐర్లండ్ ఉత్తర ప్రాంతం) కొరకు. యూవీఎఫ్ అంటే అల్‌స్టర్ వాలంటీర్ ఫోర్స్, క్యాథలిక్కులని వందల్లో చంపిన సంస్థ, అందులో చాలామంది దారిన పోయే మామూలు మనుషులు, పనికెళ్ళేవాళ్ళు, బార్‌లో కూర్చుని మ్యాచ్ చూసేవాళ్ళు. అత్తయ్యగారు ఆ గోడ ముందు నిలబడి కొంగు నెత్తి మీదకి లాక్కున్నారు, ప్రార్థనకి కాదు, చలికి, కానీ చూడ్డానికి అట్లాగే ఉంది. తర్వాత మెల్లగా అడిగారు, దేవుడి పేరు ముందు రాసుకున్నారు, ఆయన్నేమన్నా అడిగారా అని.

సరే, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో డ్రైవర్ ఒక్క వాక్యంలో తేల్చేశాడు, పాత రోజుల్లోది అన్నాడు అంతే. అసలు సరుకంతా అక్కడే ఉంది. ఐర్లండ్‌కి సొంత పార్లమెంట్ ఇస్తామని బ్రిటన్ అనేసరికి ఇక్కడి ప్రొటెస్టెంట్లకి భయం పట్టుకుంది, డబ్లిన్ పాలన అంటే పోప్ పాలనే అని. 1912 సెప్టెంబర్ 28 న ఊరూరా పొద్దున్నే చర్చిల్లో ప్రత్యేక ఆరాధనలు పెట్టి, అది అయ్యాక జనం నేరుగా వెళ్ళి అల్‌స్టర్ కవనెంట్ అనే కాగితం మీద సంతకాలు పెట్టారు. కవనెంట్ అంటే మన బైబిల్ భాషలో నిబంధన, దేవుడు అబ్రాహాముతో చేసింది. బెల్‌ఫాస్ట్ సిటీ హాల్లో మొదటి సంతకం వాళ్ళ నాయకుడు ఎడ్వర్డ్ కార్సన్‌ది, ఆ తర్వాత వరసలో ప్రొటెస్టెంట్ సంఘాల పెద్దలు, బిషప్పులు, మోడరేటర్లు. మగవాళ్ళు రెండు లక్షల ముప్పై ఏడు వేలు దాటారు, ఆడవాళ్ళు వేరే కాగితం మీద రెండు లక్షల ముప్పై నాలుగు వేలు. ఆ కాగితంలో ఒకే వాక్యంలో మా తండ్రులు నమ్మిన దేవుని మీద వినయంగా ఆనుకుని అనే ముక్కా ఉంటుంది, అవసరమైన అన్ని మార్గాలూ వాడతాం అనే ముక్కా ఉంటుంది. ఆ అన్ని మార్గాలు ఏంటో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు, 1913 జనవరిలో అల్‌స్టర్ వాలంటీర్ ఫోర్స్ పెట్టారు, 1914 ఏప్రిల్‌లో లార్న్ రేవులో వేల కొద్దీ రైఫిళ్ళు దొంగతనంగా దించారు. ఆ తుపాకులు తెప్పించిన ఫ్రెడ్ క్రాఫర్డ్ అనే ఆయన కవనెంట్ మీద సొంత రక్తంతో సంతకం పెట్టానని చెప్పుకునేవాడు, వందేళ్ళ తర్వాత క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు టెస్ట్ చేస్తే రక్తం ఆనవాళ్ళు దొరకలేదు. తుపాకులు మాత్రం నిజమైనవే. 1966 లో షాంకిల్‌లో మళ్ళీ గన్ను పట్టిన కుర్రాళ్ళు కొత్త పేరు కూడా పెట్టుకోలేదు, తాతల పేరే, తాతల నినాదమే తీసుకున్నారు. చర్చి మెట్ల మీద మొదలైన మాట యాభై ఏళ్ళ తర్వాత బార్ బయట శవం పక్కకి చేరింది, ఈ దారి మొత్తం టూర్‌లో చెప్పాలి కదా, చెప్పలేదు. సంతకం పెట్టిన ఆ బల్ల సిటీ హాల్లోనే ఉంది, వీలైతే టూర్‌కి ముందే వెళ్ళి చూడండి, మేము తర్వాత వెళ్ళాం.

లోయర్ షాంకిల్‌లో ఒకప్పుడు ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ బొమ్మ కూడా ఉండేదంట, డ్రైవర్ ఫోన్‌లో పాత ఫొటో చూపించాడు. 1649 లో ద్రాగెడా అనే ఊరిని పట్టుకుని లోపలున్న సైనికులని, దొరికిన పాదిరీలని, ఎంతోమంది మామూలు జనాన్ని చంపించి, ఇది ఈ అనాగరిక నీచుల మీద దేవుని న్యాయమైన తీర్పు అని లండన్‌కి ఉత్తరం రాసిన పెద్దమనిషి ఈయన. గెలిచినవాడు రిపోర్ట్ రాసేటప్పుడు సంతకం తన పేరున పెట్టకుండా దేవుడి పేరున పెట్టడం అప్పట్నుంచీ ఉందన్నమాట.

ఇక పేస్లీ. ఇయాన్ పేస్లీ పేరు టూర్‌లో రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ జోక్ కిందే వచ్చింది, నాకు నచ్చని పెద్ద విషయం ఇదే. ఈయన 1951 లో సొంతంగా ఫ్రీ ప్రెస్బిటేరియన్ చర్చి పెట్టుకున్న పాస్టరు, గొంతు మైక్ అక్కర్లేనంత. క్యాథలిక్కులకి ఇళ్ళు, ఉద్యోగాలు, ఓటు విలువ సమానంగా ఇవ్వాలని మాట మొదలైన ప్రతిసారీ ఈయన బైబిల్ పట్టుకుని రోడ్డెక్కి, ఇది రోమ్ కుట్ర అని జనాన్ని రెచ్చగొట్టాడు. 1966 లో ఒక కేసులో జైలుకెళ్ళి అక్కడ కూర్చుని రోమీయులకు రాసిన పత్రిక మీద వ్యాఖ్యానం రాశాడు, ఆ జైలు క్రమ్లిన్ రోడ్డులోదే, ఇప్పుడు టూరిస్ట్ ప్లేస్, ఒక విభాగంలో విస్కీ డిస్టిలరీ కూడా పెట్టారు, మందుని సాతాను మజ్జిగ అని తిట్టిన మనిషి ఉన్న జైలు! అదే ఏడాది షాంకిల్‌లో ఒక క్యాథలిక్ కుర్రాడిని చంపిన కేసులో పట్టుబడినవాళ్ళలో ఒకడు పోలీసులతో, ఆ పేస్లీ పేరు విన్నందుకు, ఆయన వెంట నడిచినందుకు ఇప్పుడు బాధపడుతున్నా అన్నట్టు రికార్డులో ఉంది. పేస్లీ నాకేం సంబంధం లేదన్నాడు, చట్టం ప్రకారం నిజమే, ఆయన చేత్తో ఎవరినీ కాల్చలేదు. 1981 లో ఒక రాత్రి కొండ మీద ఐదొందల మందిని నిలబెట్టి గన్ లైసెన్సులు గాల్లో ఊపించాడు, 1986 లో అల్‌స్టర్ రెసిస్టెన్స్ అనే దళానికి ఎర్ర టోపీ పెట్టుకుని నిలబడ్డాడు, 1988 లో యూరోపియన్ పార్లమెంట్‌లో పోప్ మాట్లాడుతుంటే లేచి నువ్వు క్రీస్తు విరోధివి అని అరిచాడు. అదే మనిషి 2007 లో ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, క్యాథలిక్కుల వైపు సాయుధ సంస్థ) మాజీ కమాండర్ మార్టిన్ మెగ్గిన్నెస్ పక్కన కూర్చుని ముఖ్యమంత్రి అయ్యి పకపకా నవ్వుతూ ఫొటోలు దిగాడు. ఇద్దరూ అంత బాగా కలిసిపోయారని సంతోషపడాలా, మరి మధ్యలో పోయిన వాళ్ళ సంగతేంటని అడగాలా, మామయ్యగారు రెండోదే అడిగారు. డ్రైవర్ రోడ్డు వైపు చూస్తూ గేరు మార్చాడు.

ఇటు వైపు మాత్రం పాపం లేదా అంటే, ఉంది, కాకపోతే రంగు వేరు. ఫాల్స్ రోడ్డులో సెవాస్టోపోల్ వీధి మూల మీద ఐఆర్ఏ ఖైదీ బాబీ శాండ్స్ బొమ్మ, నవ్వు ముఖం, పొడుగు జుట్టు. 1981 లో జైల్లో 66 రోజులు తిండి మానేసి, మధ్యలోనే ఎంపీగా గెలిచి, 27 ఏళ్ళకి చనిపోయాడు, ఆయన వెనకాల ఇంకో తొమ్మిది మంది. ఆ రోజుల్లో ఇక్కడి గోడల మీద వేసిన బొమ్మల్లో దుప్పటి కప్పుకున్న ఖైదీ, చేతిలో జపమాల, పైన మరియమ్మ, చూస్తే సిలువ మీద యేసుని చూసినట్టే ఉండేలా గీసేవాళ్ళు. అత్తయ్యగారు పెరిగిన చర్చిలో పెద్ద శుక్రవారం ఏడ్చే ఏడుపునే ఇక్కడ ఒక గెరిల్లా సంస్థ వాడుకుంది. దీనికి మూలం ఇంకా వెనకాల ఉంది, 1916 ఈస్టర్ సోమవారం డబ్లిన్‌లో తిరుగుబాటు చేసినవాళ్ళు చదివిన ప్రకటన మొదలయ్యేదే దేవుని పేరిట, చనిపోయిన తరాల పేరిట అని, ముగిసే ముందు మా పోరాటాన్ని సర్వోన్నతుడైన దేవుని కాపుదలలో పెడుతున్నాం అంటారు. ఈస్టర్ పండగనే ఎంచుకోవడం కూడా ఊరికే జరిగింది కాదు, రక్తం చిందితేనే జాతి తిరిగి లేస్తుందని ఆ తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ రాసుకున్నాడు ముందే.

క్యాథలిక్ బిషప్పులు ఐఆర్ఏని ఖండిస్తూనే వచ్చారు, అది ఒప్పుకోవాలి. 1979 లో పోప్ రెండో జాన్ పాల్ ద్రాగెడా వచ్చి మోకాళ్ళ మీద పడి అడుగుతున్నా, హింస దారి వదలండి అన్నాడు, ఐఆర్ఏ కుదరదు పొమ్మంది. శాండ్స్ దగ్గరికి పోప్ తన సెక్రటరీని ఒక సిలువ ఇచ్చి పంపాడు, సిలువ తీసుకున్నాడు గానీ నిరాహారదీక్ష ఆపలేదు. ఆఖరికి దాన్ని ఆపించింది డెనిస్ ఫాల్ అనే పాదిరీ, ఖైదీల అమ్మల్ని కూర్చోబెట్టి నచ్చజెప్పి, స్పృహ తప్పిన బిడ్డకి వైద్యం చేయించమని ఒప్పించాడు, దానికి ఆయన్ని సొంత జనమే తిట్టారు. కానీ ఇంకో పాదిరీ కథ కూడా ఉంది, అది టూర్‌లో ఒక్క ముక్క కూడా రాదు. 1972 జులై 31 న క్లాడీ అనే పల్లెలో మూడు కారు బాంబులు పేలి తొమ్మిది మంది చనిపోయారు, అందులో 8 ఏళ్ళ ఆడపిల్ల ఒకటి, దుకాణం కిటికీ తుడుస్తోంది. అందులో జేమ్స్ చెస్నీ అనే పాదిరీకి హస్తం ఉందని పోలీసులకి గట్టి అనుమానం. అరెస్ట్ చేశారా? లేదు. ఇక్కడి వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి, కార్డినల్ కూర్చుని మాట్లాడుకున్నాక ఆ పాదిరీ బోర్డర్ అవతల, ఐర్లండ్ దేశంలోని డొనెగల్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు, 1980 లో పోయాడు, పోలీసులు ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు. ఇదంతా 2010 లో పోలీస్ అంబుడ్స్‌మన్ (పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) రిపోర్ట్‌తో పూర్తిగా బయటికొచ్చింది. ప్రభుత్వం, పోలీసు, చర్చి ముగ్గురూ కలిసి అంగీ వేసుకున్నవాడు కదా అని వదిలేశారు.

ఇవన్నీ అడుగుతుంటే మా డ్రైవర్ చెప్పిన జవాబు, ఈ టూర్లు చేసే ప్రతివాడూ చెప్పే జవాబే, ఇది మతం గొడవ కాదండీ, భూమి గొడవ, ఎవరి దేశం అనే గొడవ. సగం కరెక్టే. ట్రినిటీ మీద వాదన పెట్టుకుని ఎవడూ బాంబు పెట్టలేదు. ఇళ్ళ కేటాయింపులో మోసం, వార్డులు ఇష్టమొచ్చినట్టు కోసి ఓట్లు తగ్గించడం, షిప్‌యార్డుల్లో ఉద్యోగాలు ఒక్క వర్గానికే ఇవ్వడం, 1968 అక్టోబర్ 5 న డెర్రీలో ఊరేగింపు తీస్తే లాఠీలతో బాదడం, ఇవే అసలు కారణాలు. కానీ నాకర్థమైంది ఏంటంటే, గొడవ భూమిదే అయినా మనిషిని చంపడానికి చెయ్యి వణికేవాడికి ఆ వణుకు తీసేసింది మాత్రం మతమే. నీ పొరుగువాడు నీతో ఓటు విషయంలో తేడా ఉన్నవాడు అంటే కాల్చలేవు, వాడు క్రీస్తు విరోధి సైన్యం అంటే కాల్చగలవు. చచ్చినవాడు ఎన్నికల్లో ఓడిపోయిన పార్టీ కార్యకర్త అంటే నాలుగు రోజులకి మర్చిపోతారు, హతసాక్షి అంటే గోడ మీద బొమ్మేసి మనవళ్ళకి చూపిస్తారు. ఇది డ్రైవర్‌కి తెలియక కాదు, గంటన్నరలో అటూ ఇటూ ఎవరి మనసూ నొప్పించకుండా నడపాలంటే చర్చిని పక్కన పెట్టడమే సేఫ్, రోజూ రెండు వీధుల్లోనూ బండి ఆపుకోవాలి కదా ఆయన.

గోడ దగ్గరికి వద్దాం. కుపార్ వే గోడ, 1969 లో ముళ్ళకంచెగా మొదలైంది, తర్వాత కాంక్రీటు, దాని మీద ఇనప రేకు, దాని మీద వల, బెర్లిన్ గోడ కన్నా ఎత్తు, అది కూలి దశాబ్దాలైంది ఇది ఇంకా ఉంది. డ్రైవర్ మార్కర్ పెన్నులిచ్చి రాయమంటాడు, క్లింటన్, దలైలామా కూడా రాశారంట. అత్తయ్యగారు మనవళ్ళ పేర్లు తెలుగులో రాశారు, కింద ఊరి పేరు కూడా. ఇక్కడే డ్రైవర్ డాష్‌బోర్డ్ లోంచి ఒక రబ్బరు బుల్లెట్ తీసి చేతిలో పెట్టాడు, సైన్యం జనం మీద వాడినది. రబ్బరంటే మనం ఎరేజర్ లాంటిది అనుకుంటాం, ఇది జానెడు పొడుగు, నున్నగా, నల్లగా, చేతిలో పెడితే బరువు దిగుతుంది, ఇలాంటి రబ్బరు, ప్లాస్టిక్ బుల్లెట్లు తగిలి పిల్లలు కూడా చనిపోయారు. మామయ్యగారు దాన్ని తిప్పి తిప్పి చూసి ఏమీ అనకుండా తిరిగిచ్చేశారు. ఈ గోడలన్నీ 2023 కల్లా తీసేస్తామని 2013 లో ఇక్కడి ప్రభుత్వం మాటిచ్చింది, తీయలేదు, ఎందుకంటే గోడ పక్క ఇళ్ళవాళ్ళే వద్దన్నారు, రాత్రి నిద్ర పట్టాలి కదా అంటారు. సాయంత్రం అయితే గేట్లు ఇప్పటికీ మూసేస్తారు. పిల్లల్లో పదిమందికి ఒక్కడు కూడా రెండు వర్గాలూ కలిసి చదివే బడికి వెళ్ళడం లేదు.

క్లోనార్డ్ మఠం దగ్గర ఆపమని మేమే అడిగాం, ప్యాకేజీలో లేదు, కానీ మంచివాడు, ఆపాడు. గోడకి అతుక్కున్నట్టే ఉంటుంది, ఆ పక్క బాంబే స్ట్రీట్, 1969 ఆగస్టులో అటు నుంచి వచ్చిన మూక తగలబెట్టేసిన వీధి. ఈ మఠంలోనే అలెక్ రీడ్ అనే పాదిరీ ఉండేవాడు. 1988 మార్చిలో ఒక శవయాత్రలోకి కారుతో వచ్చి దొరికిపోయిన ఇద్దరు బ్రిటిష్ సైనికులని జనం కొట్టి, ఐఆర్ఏ వాళ్ళు కాల్చేస్తే, ఈయన పరిగెత్తి వెళ్ళి నోట్లో ఊపిరి ఊదాడు, బతకలేదు, బట్టలు లేకుండా పడున్న ఆ మనిషి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న పాదిరీ ఫొటో ప్రపంచమంతా చూసింది. అప్పుడు ఆయన జేబులో శాంతి చర్చల కోసం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మోసుకెళ్తున్న కాగితం ఉంది, కవరు మీద రక్తం అంటింది, కవరు మార్చి అదే రోజు అందించేశాడు. 2005 లో ఐఆర్ఏ ఆయుధాలన్నీ పనికిరాకుండా చేస్తుంటే సాక్షులుగా నిలబడింది ఈయన, ఆయన పక్కన హారొల్డ్ గుడ్ అనే మెథడిస్ట్ పాస్టరు. లోపల చర్చి నిశ్శబ్దంగా ఉంది, అత్తయ్యగారు కొవ్వొత్తి వెలిగించారు, లూథరన్ మామయ్యగారు టోపీ తీసి పక్కన నిలబడ్డారు.

1998 జులైలో డ్రంక్రీ చర్చిలో ఆరాధన అయ్యాక ఆరెంజ్ ఆర్డర్ (ఊరేగింపులు తీసే ప్రొటెస్టెంట్ సంఘం) వాళ్ళు క్యాథలిక్ వీధిలోంచే ఊరేగింపు తీస్తామని మొండికేసి కూర్చున్నప్పుడు, ఆ గొడవల్లో బాలీమనీలో ఒక ఇంటి మీద పెట్రోల్ బాంబు పడి ముగ్గురు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, కాలిపోయారు. ఆ ఆదివారం ఆరెంజ్ ఆర్డర్ సొంత చాప్లిన్ విలియం బింగమ్ పుల్‌పిట్ ఎక్కి, ఆ పిల్లల శవపేటికల నీడలో పదిహేను నిమిషాల నడక ఉత్త డొల్ల విజయం అన్నాడు. ఆ తర్వాత ఊరేగింపు వైపున్న జనం బాగా పలచబడ్డారు. అంటే పుల్‌పిట్‌కి అంత బలం ఉందన్నమాట, మరి ముప్పై ఏళ్ళు ఆ బలం ఎక్కువసార్లు ఎటు వాడారు అన్నదే నేను టూర్‌లో వినాలనుకున్నది.

మధ్యలో ఒక మాట, మనం పెద్ద నీతిమంతులమని కాదు. గుంటూరు, ప్రకాశం వైపు పల్లెల్లో ఆర్‌సీఎం, లూథరన్, బాప్టిస్టు అని మనం కొట్టుకు చావలేదు నిజమే, కానీ ఒకే సంఘంలో కులం బట్టి ఎక్కడ కూర్చోవాలో, ఎవరి అమ్మాయిని ఎవరికివ్వాలో ఇప్పటికీ లెక్కలు ఉన్నాయి, మన గోడకి కాంక్రీటు లేదంతే. ఇంకోటి, 2024 ఆగస్టులో ఇక్కడ వలస వచ్చినవాళ్ళ మీద అల్లర్లు జరిగి షాపులు తగలబెట్టినప్పుడు సిటీ హాల్ దగ్గర బ్రిటిష్ జెండా, ఐరిష్ జెండా పక్కపక్కన ఎగిరాయి, ముప్పై ఏళ్ళు ఒకర్నొకరు చంపుకున్నవాళ్ళకి కలిసి నిలబడడానికి మనమే దొరికాం. ఆ వారం మన తెలుగు గ్రూపుల్లో అందరూ ఒకటే మెసేజ్, చీకటి పడ్డాక బయటికి రాకండి అని. డ్రైవర్ దీని గురించి నిజాయితీగా మాట్లాడాడు, సిగ్గుపడ్డాడు కూడా, ఆ మార్కులు ఇవ్వాల్సిందే.

ఇక పనికొచ్చే విషయాలు. రేటు మనిషికి కాదు, ఇద్దరు ముగ్గురి దాకా కారుకి ఒక రేటు, పైన ప్రతి మనిషికీ కొంచెం ఎక్స్‌ట్రా, కాబట్టి ఐదుగురు వెళ్తే చవక, ఒక్కడే వెళ్తే జేబుకి చిల్లు. బుక్ చేసేప్పుడు అడ్రస్ రెండుసార్లు చెప్పండి, మాకు బండి పావుగంట లేటు, ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. యాస దారుణం, నాకే సగం అర్థమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, పెద్దవాళ్ళకి మీరే పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి, అందుకని ముందు సీటు కాకుండా వెనక ఎదురు సీట్లో కూర్చోండి. గొడుగు కాదు, టోపీ ఉన్న జాకెట్ తీసుకెళ్ళండి, గోడ దగ్గర గాలికి గొడుగు నిలవదు. బాత్రూమ్ స్టాప్ లేదు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే ముందే చెప్పండి. పొద్దున స్లాట్ తీసుకోండి, సాయంత్రమైతే గేట్లు మూసేసి చుట్టూ తిప్పుతారు. జులై 11, 12 తేదీల్లో పెద్దవాళ్ళతో వద్దు, ఆ రాత్రి భోగి మంటలంత కాదు, నాలుగంతస్తుల ఎత్తు మంటలు వేస్తారు, పైన అవతలివాళ్ళ జెండాలు, మనుషుల బొమ్మలు పెట్టి మరీ.

పిల్లలకైతే పన్నెండేళ్ళు దాటాకే. హాప్ ఆన్ బస్సు కూడా ఇవే వీధుల్లో తిరుగుతుంది, కానీ అందులోంచి దిగి గోడని ముట్టుకోలేరు, డ్రైవర్‌ని నిలదీయలేరు. రెండు వైపుల మాజీ ఖైదీలు నడిపించే కాలినడక టూర్లు కూడా ఉన్నాయి, సగం దారి ఒకాయన, గోడ దగ్గర ఇంకో ఆయనకి అప్పజెప్తాడు, ఈసారి మా అన్నయ్యవాళ్ళు వస్తే అది ట్రై చేస్తా. ట్యాక్సీయే తీసుకుంటే మాత్రం ఎక్కగానే చెప్పేయండి, మాకు క్లోనార్డ్ ఆపాలి, 1912 కవనెంట్ గురించి చెప్పాలి, పేస్లీ గురించి జోక్స్ కాకుండా అసలు సంగతి చెప్పాలి అని. అడిగితే చెప్తారు, అడక్కపోతే బొమ్మలు చూపించి దింపేస్తారు.

అన్నట్టు డ్రైవర్ ఏ మతమో చివర్లో మామయ్యగారు ప్రొటెస్టెంట్ అన్నారు, అత్తయ్యగారు మనవాడే, క్యాథలిక్కే అన్నారు. ఆయన తాను క్యాథలిక్‌గా పుట్టానని, పెళ్ళాం షాంకిల్ అమ్మాయని, పెళ్ళి ఇంగ్లండ్ వెళ్ళి చేసుకోవాల్సొచ్చిందని చెప్పి, టిప్పు తీసుకుని, నెక్స్ట్ బుకింగ్‌కి లేటవుతోందని వెళ్ళిపోయాడు.